రెండు ట్రేల రాములు

ఇది ఏం పని

మా పని గురించి బయట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత "అది సరే, నువ్వు చేసే పనేంది?" అని అడుగుతారు. కొత్తగా చేరే పిల్లలు ఇంటికెళ్ళి ఇదే ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

బొటనవేలి పై కణుపు కంటే కొంచెం పొడవుండే సిపాయి బొమ్మలు. కొన్ని లోహంవి, కొన్ని ప్లాస్టిక్‌వి. రెండు వేల ఏళ్ళ కిందటి సైన్యాలు: గ్రీకులు, రోమన్లు, పారశీకులు, మన మగధవాళ్ళు. వీటిని పెద్ద బల్ల మీద నిలబెట్టి యుద్ధమాడేవాళ్ళు హైదరాబాదులో ఉన్నారు, సముద్రాల అవతలా ఉన్నారు. చిన్నపిల్లలు కారు. బట్టతలలు వచ్చినవాళ్ళు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు. బల్ల మీద థర్మోకోల్ కొండ ఉంటుంది, పచ్చగుడ్డ మైదానం ఉంటుంది. టేపుతో కొలిచి సైన్యాన్ని నడిపిస్తారు, పాచికలు వేసి ఎవరు చచ్చారో తేలుస్తారు.

ఆ బొమ్మలు మా దగ్గరికి బూడిద రంగులో బోసిగా వస్తాయి. వాటికి రంగులు వేయడం మా మొదటి పని. చేయి తీసి మరో చేయి అతికించడం, తల కోసి మరో తల పెట్టడం, ఈటెవాణ్ణి జెండావాడిగా మార్చడం రెండో పని. దీన్ని కన్వర్షన్ అంటాం. ఖమ్మం పక్క ఖానాపురం హవేలిలో ఒక రేకుల షెడ్డులో నా ఉద్యోగ జీవితం రెండో సగమంతా ఈ రెండు పనులతోనే గడిచింది. చేయి వణకడం మొదలయ్యాక మానేశాను. వణికే చేతితో గుర్రానికి రంగు వేయొచ్చు, మనిషికి కన్ను పెట్టలేం.

కార్డు

మొదటి సగం మణుగూరులో బోర్డులు రాశాను. బొగ్గు లారీల వెనక పులులు, కాలనీ కొట్ల మీద పేర్లు, ఎన్నికలొస్తే గోడలు. ఫ్లెక్సీలు వచ్చాక నా పులులు ఎవరికీ అక్కర్లేకపోయాయి. మాది బోనకల్ దగ్గర తండా. బడి ఏడో తరగతితో ఆగింది. పని వెతుక్కుంటూ ఖమ్మంలో తిరిగే రోజుల్లో ఎండకు తట్టుకోలేక గ్రంథాలయంలోకి దూరాను. ఊరికే ఫ్యాను కింద కూర్చుంటే వాచ్‌మన్ లేపుతాడని చేతికందిన పుస్తకం తెరిచాను. అది ప్రపంచ చరిత్ర మొదటి సంపుటం. మిగతా సంపుటాలు చెదలు తినేశాయి. అందువల్ల ప్రాచీన కాలం గురించి నన్ను ఏదైనా అడగండి, చెబుతాను. మొగలుల సంగతి మాత్రం అడక్కండి.

కాలేజీలో చదివినవాడికి పట్టా ఉంటుంది. నాకు గ్రంథాలయం కార్డు ఉంది. పట్టా ఒక్కసారి ఇచ్చి ఊరుకుంటారు. కార్డు ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకోవాలి. ఏది గట్టిదో మీరే తేల్చుకోండి.

తాలు

మా యజమాని వెంకటరత్నం గారు. వాళ్ళ పెద్దలు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్నారు. ఇంటి వ్యాపారం మిర్చి, అన్నదమ్ములిద్దరిదీ. ధర బాగా పడిపోయిన ఒక ఏడాది ఈయనకు మిర్చి మీద కోపం వచ్చి, ఎవరో చెప్పగా విని ఈ బొమ్మల షెడ్డు పెట్టారు. కోపం పోయింది కానీ మిర్చి చూపు పోలేదు. రోమన్ దళపతిని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి, రంగు నిగనిగలాడితే గంపలో పెట్టేవారు. వెలిసినట్టుంటే "ఇది తాలయ్యా" అని పక్కన పడేసేవారు. ప్రపంచాన్ని సగం ఏలినవాణ్ణి అట్లా తాలు కాయల్లో కలిపేసేసరికి మొదట్లో నాకు ప్రాణం చివుక్కుమనేది.

పారశీకుల పైజామాల మీద మా ఇద్దరికీ పెద్ద గొడవే అయింది.

"ఊదా రంగు, కుంకుమపువ్వు రంగు ఎయ్యాలె సారు. పుస్తకంల ఉంది" అన్నాను.

"పచ్చ డబ్బాలు మిగిలిపోయాయి భద్రూ. పచ్చ వేసెయ్."

"పారశీకులు గట్ల తొడగలే సారు."

"ఎవడు చూశాడయ్యా?"

"గ్రీకులు చూసిండ్రు. చూసి రాసిపెట్టిండ్రు."

"మనకి ఆర్డరిచ్చింది గ్రీకులా?"

చివరికి ముందు వరుసకు ఊదా, వెనక వరుసకు పచ్చ వేసి పంపాం. ఈ మనిషిని తిట్టడానికి ఇది రాయడం లేదు. బ్రష్షులు కొనడంలో పిసినారి. వెంట్రుకలు ఊడిన బ్రష్షును కూడా "గడ్డికి పనికొస్తుంది" అని దాచేవారు. కానీ పనిచేసే ఆడవాళ్ళ మీద ఒక్కరోజు గొంతు పెంచలేదు. ఆర్డరు గురించి ఏ సంగతి ఉన్నా మంచిదైనా చెడ్డదైనా అందరి ముందూ చెప్పేవారు. అలాంటి యజమాని దొరికితే గడ్డి బ్రష్షులతోనే పని చేయండి.

ఆయనలో నిజమైన లోపం ఒకటే. ఎంత పెద్ద మాటైనా మిర్చి యార్డులో బేరం చెప్పినట్టు రెండు ముక్కలు చేసి చెప్పేవారు. దాని ఫలితం ముందు ముందు చూస్తారు.

తలలు తిప్పడం

కన్వర్షన్ నాకు నేర్పింది పుస్తకం కాదు, నాగమణి. భద్రాచలంలో గుడి దగ్గర అమ్మే బొమ్మలకు రంగులు వేసే ఇంట్లో పుట్టింది. పెళ్ళయి ఖమ్మం వచ్చాక ఆ పని పోయి, మిర్చి తొడిమలు తీసే పనికి కుదిరింది. ఆ పని చూడనివాళ్ళకు చెబుతున్నాను. రోజంతా ఒలిచాక చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. ఆ చేతులతో కళ్ళు తుడుచుకోలేరు, ఇంట్లో పసిపిల్లను ఎత్తుకోలేరు. వెంకటరత్నం గారు షెడ్డు పెట్టినప్పుడు ఆ తొడిమల గుంపులో నుంచే నాగమణినీ, యాకూబీనీ, ఇంకొందరినీ తెచ్చుకున్నారు.

గ్రీకు బల్లెంవాళ్ళు మొదటిసారి వచ్చినప్పుడు నేను డాళ్ళ మీద గుర్తుల గురించి ఉపన్యాసం ఇస్తున్నాను. నాగమణి వినలేదు. ఒక వరుస చూసి, "వీళ్ళందరు ఒక్క దిక్కే చూస్తున్నరేంది అన్నా? బస్సు కోసం నిలబడ్డట్టు" అంది. సన్న రంపంతో ఒకడి మెడ కోసి, తల కొంచెం పక్కకు తిప్పి అతికించింది. ఇంకొకడిది ఇటు తిప్పింది. అంతే, పక్కవాడికి భయమేస్తోందా అని వీడు చూస్తున్నట్టు, వేస్తోందని వాడు ఒప్పుకున్నట్టు అయింది. అప్పటిదాకా అవి బొమ్మలు. ఇది నేర్చుకోండి. కొత్త కత్తి పెట్టడం, కొత్త టోపీ పెట్టడం తర్వాత సంగతి. ముందు తల తిప్పండి.

జిగురు గురించి ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెబుతాను. మేం వాడేది కన్ను మూసి తెరిచేలోగా పట్టేస్తుంది. ఒకరోజు థ్రేసు దేశపు డాలువాడు నా బొటనవేలికి అతుక్కున్నాడు. లాగితే వాడి కాలన్నా ఊడాలి, నా చర్మమన్నా ఊడాలి. వాడి కాలు విరగకూడదని యజమాని నన్ను దవాఖానాకు పంపారు. షేర్ ఆటోలో పక్కన కూర్చున్న పెద్దమనిషి దేవుడనుకుని నా వేలికి దణ్ణం పెట్టాడు. దవాఖానాలో నర్సమ్మ వేలు పట్టుకుని చూసింది.

"ఎవరు ఈయన?"

"థ్రేసు దేశం సిపాయి, అమ్మా."

"ఎప్పటిసంది ఉన్నడు?"

"పొద్దటిసంది."

"ఇంతకుముందు ఎప్పుడన్నా గిట్లయిందా?"

గోరువెచ్చని సబ్బునీళ్ళలో ఓపిగ్గా నానబెడితే వచ్చేస్తుంది. లాగకండి.

నీలం

ఇక అసలు సంగతి. ఒక ఏడు మిర్చి ధర ఆకాశానికెక్కింది. బస్తాలు పెట్టడానికి చోటు చాలక వెంకటరత్నం గారి అన్నగారు మా షెడ్డు మీద కన్నేశారు. "బొమ్మలాటకి ఇంత షెడ్డా? ఖాళీ చెయ్యి" అని పట్టుబట్టారు. అప్పుడే హైదరాబాదు నుంచి మేజర్ గారి ఆర్డరు వచ్చింది. సైన్యంలో పనిచేసి రిటైరైన మనిషి, మాకు పాత ఖాతాదారు. వచ్చే ఆదివారం ఆయనకూ, ఆయన స్నేహితుడైన ఒక కళ్ళ డాక్టరుకూ బల్ల మీద యుద్ధం. డాక్టరుది రోమన్ సైన్యం. మేజర్ గారికి ప్రాచీన బ్రిటన్ సైన్యం కావాలి.

యజమాని మమ్మల్ని కూర్చోబెట్టి దాచకుండా చెప్పారు. "ఇది ఆయనకి నచ్చితే వాళ్ళ క్లబ్బు పనంతా మనకే ఇస్తానన్నాడు. చెడిందా, సోమవారం మా అన్నయ్య లారీ ఈ గుమ్మం ముందుంటుంది. తర్వాత నన్ననకండి."

నాగమణి తన అరచేతులు తిప్పి చూసుకుంది.

నేను మేనకోడలి పెళ్ళికి తండాకు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళేముందు పుస్తకంలో చదివింది యజమానికి వివరంగా చెప్పాను. ఆ కాలపు బ్రిటన్ వాళ్ళు నీలిమందు లాంటి ఒక ఆకు పసరు ఒంటికి పూసుకుని యుద్ధానికి వచ్చేవారనీ, వాళ్ళను చూసిన రోమన్ సేనాని ఒకడు అది రాసిపెట్టాడనీ, మామూలు మనిషి ఒంటి రంగు వేసి, దాని మీద నీలంతో గీతలూ మెలికలూ దిద్దాలనీ, మీసాలు ఇంతింత ఉండాలనీ అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. షెడ్డులోకి వెళ్ళి, మిర్చి యార్డు పద్ధతిలో, "ఒళ్ళు నీలం. జల్దీ కానివ్వండి" అన్నారు.

పెళ్ళి నుంచి నేరుగా షెడ్డుకు వచ్చాను. గుమ్మంలో అడుగు పెట్టగానే అగరొత్తుల వాసన వచ్చింది. బల్ల మీద రెండు ట్రేలు. ట్రేల నిండా రాములు.

నాగమణి పుట్టి పెరిగిన ఊళ్ళో ఒళ్ళు నీలంగా ఉండేవాడు ఒక్కడే. నీలం అన్నాక ఇంకెవరని అడగాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు. వచ్చిన బొమ్మల చేతుల్లో ఈటెలున్నాయి. అవి తీసేసి రాగి తీగ వంచి కోదండాలు పెట్టింది. గుబురు మీసాలున్నాయి. ఆమె ఎరిగిన రాముడికి మీసాల్లేవు. ఆకురాయితో అన్నిటినీ రాసేసింది. సూది మొనతో నుదుట నామాలు దిద్దింది. రథం మీద నిలబడ్డ బ్రిటన్ నాయకుడికైతే పుట్టీతో కిరీటం చేసి పెట్టింది. నిజం చెప్పాలంటే అంత అందమైన పని మా షెడ్డులో అంతకుముందు జరగలేదు, తర్వాతా జరగలేదు. ఒక్కొక్కరి ముఖం ఒక్కొక్క తీరు. తలలన్నీ కొద్దికొద్దిగా తిప్పి ఉన్నాయి.

"నాగమణీ, వీళ్ళు బ్రిటన్ వాళ్ళే!" అన్నాను.

"బ్రిటనోళ్ళు తెల్లగుంటరు కదన్నా. నీలం అన్నడు సారు."

రంగు తీసేయడం మాకు కొత్త కాదు. తప్పు పడిన బొమ్మను థిన్నర్ తొట్టిలో ముంచి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్దుతాం. మళ్ళీ బోసిదవుతుంది. నేను తొట్టి మూత తీశాను. నాగమణి ట్రేలకు అడ్డంగా నిలబడింది.

"ఏం చేస్తున్నవన్నా? రామసామిని థిన్నర్ల ముంచుతవా? పండ్లు తోమిన బ్రష్షుతోని రుద్దుతవా?"

"ఇది దేవుడు కాదు నాగమణీ. ప్రాణప్రతిష్ఠ చేస్తేనే విగ్రహం దేవుడైతది. నేను సదివిన."

"పొద్దుగాల అగరొత్తులు ఎవరు ముట్టిచ్చిండ్రో అడుగు."

వెంకటరత్నం గారు గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు. రోజూ షెడ్డు తెరవగానే ఆయన దేవుడి పటాలకు అగరొత్తులు వెలిగిస్తారు. ఆ రోజు పటాలయ్యాక ఎదురుగా రెండు ట్రేల నిండా రాముడు కనిపిస్తే చేయి ఆగలేదు. ట్రేల చుట్టూ కూడా తిప్పారు.

"దణ్ణం పెట్టానయ్యా" అన్నారు నెమ్మదిగా. "బెల్లం ముక్క కూడా పెట్టాను. చీమలు పడతాయని తర్వాత తీసేశాను."

చివరికి ఆయన యాకూబీ వైపు తిరిగారు. "అమ్మాయ్, నీకైతే పట్టింపు ఉండదు కదా. నువ్వు ముంచవూ?"

"నాకేంది సారు, ముంచుత" అంది యాకూబీ. "గని రేపటిసంది మధ్యాహ్నం అక్క నాకు కూర పెట్టదు. అది మీరు తెస్తరా?"

నేను ఆదివారం సంగతి గుర్తు చేశాను. లారీ సంగతి గుర్తు చేశాను. తొడిమల పని గుర్తు చేయబోయాను, నాగమణే ముందు అంది. "నాకెరుకలేదా అన్నా? మంట నా చేతులదే. తొడిమలు తీసుకుంటనన్నా బతుకుత. సామిని ముంచి బతకలేను." ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు గట్టిగానే ఉంది. చేతులు మాత్రం కొంగులో దాచుకుంది.

బూట్లు

అసలు ఉపద్రవం ఇంకోటి ఉంది. నేను రాకముందే యజమాని ట్రేల ఫోటో తీసి "ఎలా ఉన్నాయి సార్" అని మేజర్ గారికి పంపేశారు. ఆయన ఫోను చేయలేదు. కారు వేసుకుని వచ్చేశారు.

ఆరడుగుల మనిషి గుమ్మంలో వంగి లోపలికి వచ్చి, ట్రేల మీదికి కళ్ళజోడు దించి చూశారు.

"మీసాలేవీ?" అన్నారు.

యజమాని నా వెనక్కి జరిగారు.

"నేను అడిగింది రోముని గడగడలాడించినవాళ్ళని. ఈ చిరునవ్వేమిటి?"

కాసేపు గర్జించారు. అంతలో ఆయనకే ఏదో తట్టింది. గర్జన ఆగింది. ముఖం మెల్లగా విచ్చుకుంది.

"ఆగండాగండి. ఆ డాక్టరు ఏటా భద్రాచలం వెళ్తాడు. కల్యాణం తలంబ్రాలు పర్సులో పెట్టుకు తిరుగుతాడు. వీళ్ళని బల్ల మీద పెట్టాననుకో... వాడి రోమన్లు రాముడి మీదికి వస్తారా? చెయ్యి వస్తుందా వాడికి? యుద్ధం లేకుండానే గెలిచేస్తాను!"

వెంకటరత్నం గారు కుర్చీలో నుంచి లేచారు. లారీ వెనక్కి వెళ్ళిపోతున్నట్టే కనిపించింది ఆయన ముఖంలో. "తీసుకెళ్ళండి సార్! ఇలాగే తీసుకెళ్ళండి!"

మేజర్ గారు ట్రే ఎత్తబోయారు.

"సారూ" అంది నాగమణి. "బూట్లు ఇడిసి పట్టుకోండ్రి."

ఆయన ఆమెను చూశారు, ట్రేను చూశారు. వంగి బూట్లు విప్పారు, మేజోళ్ళు విప్పారు. బూట్లు విప్పాక మనిషి మారిపోతాడు. అప్పటిదాకా ఒక చేత్తో ఎత్తబోయినవారు ఇప్పుడు రెండు చేతులూ చాపి ఆగిపోయారు.

"ఒక్క మాట చెప్పండ్రి" అంది నాగమణి. "మీ ఆటల సచ్చినోళ్ళను ఏం చేస్తరు?"

"చనిపోతే పక్కకి పడుకోబెట్టి, తర్వాత తీసి డబ్బాలో వేస్తాం."

"ఎవరు సావాలె, ఎవరు బతకాలె ఎట్ల తెలుస్తది?"

"పాచికలు వేస్తాం కదమ్మా."

"పాచికల జోలికి పోయింది ధర్మరాజు సారు. ఏమైందో మీకెరుకే. రాముడు ఏనాడన్నా ముట్టిండా? ఇప్పుడు మీరు ఒకటి ఏస్తే ఆయన సావాలె, ఆరు ఏస్తే బతకాలెనా? బతికిస్తనని మాట ఇయ్యండ్రి, పంపుత."

"మాట ఎలా ఇస్తానమ్మా? ఆటలో నియమాలుంటాయి."

"అయితే ఇయ్య."

మేజర్ గారు ఆటలో ఎన్ని రాజ్యాలు గెలిచారో తెలియదు గానీ, వట్టి కాళ్ళతో నిలబడి ఆ వాదం గెలవలేకపోయారు. "అయితే బ్రిటన్ వాళ్ళయినా ఇవ్వండి. అదీ లేకపోతే నా బొమ్మలు నాకిచ్చేయండి, ఆర్డరు మానేస్తాను" అని జేబులో నుంచి కారు తాళంచెవి తీశారు. వెంకటరత్నం గారు మళ్ళీ కుర్చీలో కూలబడ్డారు.

ఉద్వాసన

ఇన్నేళ్ళ చదువు ఎందుకైనా పనికొచ్చిందంటే ఆ నిమిషంలోనే. అయితే పనికొచ్చింది బ్రిటన్ చరిత్ర కాదు. గ్రంథాలయంలో ఎవరూ ముట్టని బీరువాలో వ్రతాల పుస్తకాలుంటాయి. వానాకాలం జనం లేనప్పుడు అవన్నీ చదివాను.

"నాగమణీ, మీ ఇంట్ల వ్రతం చేసినప్పుడు చెంబుల దేవుణ్ణి పిలుస్తరు కదా?"

"అవ్."

"వ్రతమైనంక?"

"పంతులు ఉద్వాసన చెప్పి చెంబు కదిలిస్తడు."

"కదిలిచ్చినంక ఆ చెంబు ఏం చేస్తవ్?"

నాగమణి ఆలోచించింది. "కడిగి నీళ్ళు పడత."

"మరి?"

ఆమె ట్రేల వైపు ఒకసారి చూసి షరతులు పెట్టింది. నేను పుస్తకం చూసి చదివితే చెల్లదు, చూడకుండా చదివే పంతులు రావాలి. బ్రష్షులు కడిగే తొట్టి వద్దు, కొత్త బేసిన్ కావాలి. పళ్ళ బ్రష్షులు కొత్తవి కావాలి. థిన్నర్ కంటే ముందు గోదావరి నీళ్ళలో ముంచాలి. పీటల మీద కూర్చోవాల్సింది ఎవరి కోసం ఆ రాములు వచ్చారో ఆయన, అంటే మేజర్ గారు. యజమాని కొత్త బ్రష్షులకు సైతం నోరెత్తలేదు. ఇంట్లో పుష్కరాలప్పుడు పట్టి దాచిన గోదావరి నీళ్ళ సీసా తెప్పించారు.

దగ్గరి ఆంజనేయస్వామి గుడి పంతులుగారు స్కూటీ మీద వచ్చారు. ట్రేల మీదికి వంగి చూశారు.

"ఇంతమందా?" అన్నారు. మళ్ళీ వెతికి, "సీతమ్మవారేరీ?" అన్నారు.

అందరం నాగమణి వైపు చూశాం.

"ఆర్డర్ల లేదు పంతులుగారూ" అంది ఆమె.

పంతులుగారు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ట్రేల ముందు కూర్చుని, అటూ ఇటూ తిరిగి ఉన్న ఆ చిన్న చిన్న తలల్ని చూస్తూ, "అయితే వెతుక్కుంటూ వచ్చినట్టున్నారమ్మా. తలా ఒక దిక్కు చూస్తున్నారు చూడు. అలాంటివాళ్ళని మనం ఆపి కూర్చోబెట్టకూడదు. తొందరగా సాగనంపుదాం" అన్నారు.

నాగమణి కళ్ళు తుడుచుకుంది. ఆ చేతులకు మంట లేదు కాబట్టి తుడుచుకోగలిగింది.

మేజర్ గారు చొక్కా విప్పి, యజమాని తువ్వాలు భుజాన వేసుకుని పీటల మీద కూర్చున్నారు. గోత్రం అడిగితే సైనికుడిలా గట్టిగా చెప్పారు. అక్షతలు వేశారు, కొబ్బరికాయ కొట్టారు, ఒక్కొక్క బొమ్మనూ వేలితో కొంచెం ఉత్తరానికి జరిపారు. అన్నిటినీ జరిపేసరికి ఆయన నడుం పట్టేసింది. కానీ మధ్యలో ఒక్కటి కూడా వదల్లేదు. ఆ తర్వాత యాకూబీ బేసిన్లో థిన్నర్ పోసింది. నాగమణి మొదటి బ్రష్షు తీసుకుంది. రెండోది మేజర్ గారు తీసుకున్నారు.

మీసాలు

తర్వాతి రోజుల పని గురించి కొత్తవాళ్ళకు పనికొచ్చే ముక్కలు రెండు చెబుతాను. రాసేసిన మీసాలు తిరిగి రావు, చేయాలి. కలిపితే గట్టిపడే రెండు ముద్దల పుట్టీని యాకూబీ సేమ్యాలు వత్తినట్టు సన్నగా వత్తింది. నేను సూదితో అతికించాను. కోదండాలు తీసేసి ఈటెలు పెట్టాం. రథం మీదివాడి కిరీటం మాత్రం ఎంతకీ ఊడిరాలేదు. దాన్నే జుట్టుగా మలిచి సున్నం పెట్టినట్టు తెల్లగా నిక్కబొడిపించాం.

ఒంటి మీద మెలికలు నాగమణి వేసింది. బ్రిటన్ వాళ్ళ మెలికలు ఎట్లుండేవో ఏ పుస్తకమూ చెప్పదు. రంగు నీలమని రాసినవాడు గీత గీసి చూపించలేదు. అందుకని ఆమె చేతికి వచ్చిన మెలికల ముగ్గులే వేయమన్నాను. తెలియనిచోట తెలిసినట్టు నటించకండి. అదే సమయంలో తెలియదు కదా అని అందం తగ్గించకండి. శనివారం సాయంత్రం సైన్యం హైదరాబాదు బస్సెక్కింది.

ఆదివారం ఎవరం ఇంట్లో ఉండలేకపోయాం. పని లేకపోయినా షెడ్డుకే వచ్చాం. యజమాని అన్నగారు కూడా వచ్చి, గోడలు కొలుస్తున్నట్టు అటూ ఇటూ నడిచారు. పొద్దువాలుతుండగా ఫోను మోగింది. వెంకటరత్నం గారు స్పీకరు పెట్టారు.

"ఓడిపోయాను" అన్నారు మేజర్ గారు. "చిత్తుగా ఓడిపోయాను. ఒక్కడు మిగల్లేదు. పాచిక వేస్తే చాలు, ఒకటే పడింది."

యజమాని ముఖం పాలిపోయింది. అన్నగారు గొంతు సవరించుకున్నారు. నాగమణి ఫోను మీదికి వంగింది.

"సారూ, నేను. అందరు సచ్చిండ్రా?"

"అందరూనమ్మా."

"రథం మీదోడు గుడ?"

"వాడు అందరికంటే ముందు పోయాడు. రోమన్ గుర్రాలు తొక్కేశాయి. తీసి డబ్బాలో పడేశాం."

నాగమణి నిటారుగా నిలబడి, భద్రాచలం ఎటుందో చూసుకుని, అటు తిరిగి రెండు చేతులూ జోడించింది. "చల్లగ బయటపడ్డవ్ తండ్రీ" అంది.

ఫోనులో మేజర్ గారు నవ్వడం మొదలుపెట్టారు. ఎంతకీ ఆపలేదు. దగ్గు వచ్చింది, నీళ్ళు తాగినట్టున్నారు.

"నిజమేనమ్మా" అన్నారు చివరికి. "నీ మాట వినకపోతే ఈ పాటికి నా పరిస్థితేమిటి? భద్రూ, ఉన్నావా? ఆ డాక్టరుగాణ్ణి వదలను. వచ్చే ఆటకి ఏనుగులు కావాలి. చాలా ఏనుగులు. రేపే పంపిస్తున్నాను, ఆ అమ్మాయే వేయాలి. వాడు కూడా మీ నంబరు అడిగాడు, ఆ మెలికలు ఎవరు వేశారని."

ఈ వృత్తి బతికేది ఓడినవాళ్ళ మీద. గెలిచినవాడు పాత సైన్యంతోనే తృప్తిగా ఆడతాడు. ఓడినవాడు కొత్తది చేయిస్తాడు. ఆ సంగతి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

వెంకటరత్నం గారి అన్నగారు కొలతలు ఆపి, బల్ల దగ్గరికి వచ్చి, మిగిలిపోయిన ఒక చిన్న మీసాన్ని వేలి కొనతో ఎత్తి కిటికీ వెలుగులో చూశారు.

"ఇది తాలా, మంచిదా?" అని అడిగారు తమ్ముణ్ణి.

"మంచిదే అన్నయ్యా" అన్నారు యజమాని.

అన్నగారు దాన్ని జాగ్రత్తగా ట్రేలో పెట్టి, బస్తాలకు వేరే చోటు చూసుకోవడానికి వెళ్ళారు.